నల్లకోటుకు ముందు తొంభై నిమిషాలు

పల్లెల్లో కోర్టు సంగతి తెలియని ఇల్లు తక్కువ. గట్టు తగాదానో, అన్నదమ్ముల వాటాల పేచీయో, ప్రామిసరీ నోటు మీద దావాయో ఏదో ఒకటి ఉంటుంది. అనకాపల్లి, చోడవరం, నర్సీపట్నం కోర్టులకు వాయిదా రోజున బస్సెక్కి వచ్చేవారిలో చాలామందికి తమ కేసు ఏ దశలో ఉందో కూడా తెలియదు. ప్లీడరు గారు చెప్పిందే వేదం. గుమాస్తా రాసిచ్చిన తేదీయే ఆధారం.

అలాంటి ఇళ్లలోంచే ఇప్పుడు "నేను లా చదువుతా" అనే మాట వినబడుతోంది. ఆ మాట అన్నది ఇంటర్ పూర్తిచేసిన అమ్మాయి కావచ్చు. డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రాని కుర్రాడు కావచ్చు. రిటైరయ్యే రోజుల్లో ఉన్న మాస్టారు కూడా కావచ్చు.

అనడం తేలికే. కాలేజీలో అడుగుపెట్టాలంటే ముందు ప్రవేశ పరీక్ష గట్టెక్కాలి. చాలామంది తడబడుతున్నది అక్కడే. తెలివి లేక కాదు. ఏ పరీక్ష రాయాలో తేల్చుకోలేక, అది ఏం అడుగుతుందో తెలియక, తెలిసేసరికి వ్యవధి చాలక.

రెండు పరీక్షలు, రెండు దారులు

ఈ ప్రాంతం విద్యార్థికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది లాసెట్. రాష్ట్ర ఉన్నత విద్యా మండలి తరఫున ఒక విశ్వవిద్యాలయం దీన్ని నిర్వహిస్తుంది. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు వేర్వేరుగా జరుగుతోంది. సాధారణంగా మే, జూన్ నెలల్లో ఉంటుంది. ఇంటర్ పాసైనవారు అయిదేళ్ల కోర్సుకు, డిగ్రీ పాసైనవారు మూడేళ్ల కోర్సుకు రాయవచ్చు. ఇంటర్‌లోనో డిగ్రీలోనో జనరల్ అభ్యర్థులకు 45 శాతం, బి.సి.లకు 42 శాతం, ఎస్.సి., ఎస్.టి.లకు 40 శాతం మార్కులుండాలి. వయసుకు పైమితి లేదు.

లాసెట్‌లో 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు. జనరల్ నాలెడ్జి, మెంటల్ ఎబిలిటీ కలిపి 30. వర్తమాన వ్యవహారాలు 30. న్యాయశాస్త్రం చదవడానికి తగిన అభిరుచి ఉందా లేదా అని చూసే భాగం 60. పరీక్ష కంప్యూటరు మీద. ప్రశ్నలు ఇంగ్లీషులోనూ, తెలుగులోనూ ఉంటాయి. తప్పు జవాబుకు మార్కులు కోయరు.

రెండోది క్లాట్. దేశంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు కలిసి పెట్టుకున్న పరీక్ష. 2008లో మొదలైంది. అంతకు ముందు ఒక్కో విశ్వవిద్యాలయం వేరుగా పరీక్ష పెట్టుకునేది. హైదరాబాదు దగ్గర శామీర్‌పేటలోని నల్సార్‌లోనూ, విశాఖపట్నం శివార్లలో సబ్బవరం వద్దనున్న దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలోనూ అయిదేళ్ల లా కోర్సు సీట్లు దీని ద్వారానే నింపుతారు. ప్రశ్నలు 120, సమయం రెండు గంటలు. కాగితం మీద రాయాలి. ఒక తప్పుకు పావు మార్కు పోతుంది. ప్రశ్నపత్రం ఇంగ్లీషులో మాత్రమే.

ఇక్కడ పల్లె విద్యార్థులు తరచు పోగొట్టుకునే అవకాశం ఒకటుంది. క్లాట్ ఒకప్పుడు వేసవిలో జరిగేది. 2022 డిసెంబరు నుంచి మాత్రం ముందటి ఏడాది డిసెంబరులోనే జరుగుతోంది. అంటే ఇంటర్ రెండో సంవత్సరం సగంలో ఉండగానే పరీక్ష అయిపోతుంది. మార్చిలో ఇంటర్ పరీక్షలు రాసి, ఏప్రిల్‌లో తీరిగ్గా "క్లాట్ ఎప్పుడు?" అని అడిగేవారికి దొరికే జవాబు "అయిపోయింది" అనే. ఆ దారిన వెళ్లదలచినవారు ఇంటర్ మొదటి సంవత్సరంలోనే మనసు స్థిరపరచుకోవాలి.

గేటు దగ్గరే, దారి దూరం

సబ్బవరం విశ్వవిద్యాలయానికి ఎవరి పేరు పెట్టారో గుర్తుచేసుకోవడం మంచిది. దామోదరం సంజీవయ్య కర్నూలు జిల్లాలో పేద దళిత కుటుంబంలో పుట్టారు. మద్రాసు లా కాలేజీలో చదివి న్యాయవాది అయ్యారు. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. రాష్ట్రానికి ఆయనే తొలి దళిత ముఖ్యమంత్రి. అలాంటి మనిషి పేరున్న విద్యాలయం చుట్టుపక్కల పల్లెల నుంచి తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడు రోజూ ఆ గేటు ముందునుంచే బస్సులో పోతాడు. లోపలికి వెళ్లాలంటే మాత్రం ఇంగ్లీషులో జరిగే పరీక్ష దాటాలి. 2024 డిసెంబరులో జరిగిన క్లాట్‌కు దరఖాస్తు రుసుమే జనరల్ అభ్యర్థికి 4,000 రూపాయలు. ఎస్.సి., ఎస్.టి. వర్గాలవారికి 3,500. రోజుకూలి ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

ఈ పరీక్షను ప్రాంతీయ భాషల్లోనూ నిర్వహించాలంటూ 2023లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం నడిచింది. అది ఎప్పటికి ఫలిస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటే ఒక తరం విద్యార్థుల వయసు గడిచిపోతుంది. ఉన్న నిబంధనలతోనే దారి వెతుక్కోవాలి.

జిల్లా కాలేజీల్లో చదివితే చిన్నతనమన్న అపోహ కూడా కొందరిలో ఉంది. కృష్ణా జిల్లా పొన్నవరంలో రైతు కుటుంబంలో పుట్టిన ఎన్.వి.రమణ నాగార్జున విశ్వవిద్యాలయంలో లా చదివారు. 1983లో న్యాయవాదిగా నమోదయ్యారు. 2021 ఏప్రిల్‌లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. సీటు ఎక్కడ వచ్చిందన్న దానికన్నా, ఆ సీటులో కూర్చుని ఏం చదివారన్నదే తర్వాత లెక్కకు వస్తుంది.

పాసు వేరు, సీటు వేరు

లాసెట్‌లో అర్హతకు కావలసింది 35 శాతం. అంటే 120కి 42 మార్కులు. ఎస్.సి., ఎస్.టి. అభ్యర్థులకు కనీస మార్కుల నిబంధన లేదు. ఈ 42 అన్న అంకె చూసి "ఇంతేనా" అని పుస్తకం మూసేసేవారు చాలామంది.

ఒక చిన్న లెక్క వేసి చూడాలి. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులుంటాయి. ప్రశ్న చదవకుండా కళ్లు మూసుకుని పెట్టుకుంటూ పోయినా నాలుగింట ఒకటి తగులుతుంది. ఆ లెక్కన 120కి సగటున 30 మార్కులు ఊరికే వస్తాయి. అంటే 42 తెచ్చుకున్నవాడు గుడ్డిగా రాసినవాడికంటే పన్నెండు మార్కులే ముందున్నట్టు. పాసయ్యానని మిఠాయి పంచుకోవచ్చు గానీ, అడిగిన కాలేజీలో సీటు రాదు. సీటు ఇచ్చేది ర్యాంకు. విశ్వవిద్యాలయ కాలేజీలో, తక్కువ ఫీజుతో, ఇంటికి దగ్గరలో చదవాలనుకునేవారు ఆ ర్యాంకు కోసమే చదవాలి.

ఇదే లెక్క లాసెట్‌లో మరో సంగతి కూడా చెబుతుంది. తప్పుకు శిక్ష లేదు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. క్లాట్‌లో సంగతి వేరు. నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా పెడితే ఒకటి తగిలి మూడు తప్పాయనుకుందాం. ఒక మార్కు వచ్చి ముప్పావు మార్కు పోతుంది. మిగిలేది పావు మార్కు. అదీ అదృష్టం బాగుంటేనే. అందుకని అక్కడ నాలుగు జవాబుల్లో కనీసం రెండైనా కావని తేల్చుకోగలిగితేనే ముందుకు వెళ్లడం మేలు. ఏమీ తేలనిదాన్ని వదిలి ఆ సమయాన్ని తెలిసినదానికి వాడుకోవాలి.

గొడుగు ఎవరిది?

"లా పరీక్షకు సెక్షన్లన్నీ బట్టీ పట్టాలి కదా" అన్నది తరచు వినబడే సందేహం. లాసెట్‌లో రాజ్యాంగం మీద, చట్టంలోని మూలసూత్రాల మీద సూటి ప్రశ్నలు వస్తాయి. వాటికి చదివి గుర్తుపెట్టుకోవడం అవసరమే. కాని రెండు పరీక్షల్లోనూ మార్కులు పోయేది ఎక్కువగా జ్ఞాపకం చాలక కాదు, చదవడంలో తొందరపాటు వల్ల.

ఒక ఉదాహరణ. 'ఇతరుల వస్తువును వారి అనుమతి లేకుండా, దురుద్దేశంతో తీసుకుపోవడం దొంగతనం' అని సూత్రం ఇచ్చారనుకుందాం. తర్వాత కథ. రాము టీ కొట్టుకు వెళ్లి గోడకు గొడుగు ఆనించాడు. వెళ్లేటప్పుడు తనదే అనుకుని పక్కనున్న వేరొకరి గొడుగు పట్టుకుపోయాడు. రాము దొంగతనం చేసినట్టేనా?

గొడుగు పోయినవాడి తరఫున ఆలోచిస్తే "చేశాడు" అనిపిస్తుంది. సూత్రంలో 'దురుద్దేశంతో' అన్న ఒక్క మాట మీద వేలు పెట్టి చదివినవాడు "కాదు" అంటాడు. సరైన జవాబు అదే. పరీక్షించేది ఆ వేలునే.

మరొకటి. పదిహేడేళ్ల కుర్రాడు వ్యాపారి దగ్గర అప్పు తీసుకుని నోటు రాసిచ్చాడు. ఆ నోటు చెల్లుతుందా? ఊళ్లో ఎవరిని అడిగినా "తీసుకున్నవాడు తీర్చాలి కదా" అంటారు. న్యాయం అలా అనదు. మైనరుతో చేసుకున్న ఒప్పందం మొదటినుంచీ చెల్లదని 1903లోనే మొహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. ఊరి మాటకూ, చట్టం మాటకూ తేడా ఎక్కడుందో పట్టుకోవడమే ఈ చదువుకు తొలి పాఠం. పరీక్షలో సొంత అభిప్రాయం పక్కన పెట్టి, ఇచ్చిన సూత్రానికి కట్టుబడాలి. పెద్దమనుషుల పంచాయితీలు చూస్తూ పెరిగిన పిల్లలకు ఇది మొదట్లో మింగుడు పడదు. వారం రోజులు రోజుకు పది ప్రశ్నలు చొప్పున సాధన చేస్తే అలవాటవుతుంది.

క్లాట్‌లో ఈ పద్ధతి మరింత పెద్దది. 2020 నుంచి ప్రశ్నలన్నీ ప్యాసేజీల మీదనే వస్తున్నాయి. ఒక్కోటి సుమారు 450 పదాల దాకా ఉంటుంది. అది చదివి దాని కింది ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. ఇంగ్లీషు, వర్తమాన వ్యవహారాలు, న్యాయ తర్కం, సాధారణ తర్కం, పదో తరగతి స్థాయి లెక్కలు.. అన్నింటికీ అదే తీరు. మూడు నెలల్లో ఇంగ్లీషు చదివే వేగం పెరగదు. కనీసం ఏడాది పాటు రోజూ ఒక ఇంగ్లీషు పత్రిక సంపాదకీయం గడియారం పెట్టుకుని చదవాలి. చదివాక పుస్తకం మూసి, రచయిత ఏమంటున్నాడో రెండు వాక్యాల్లో తెలుగులోనైనా సరే రాసుకోవాలి.

పాత పుస్తకంతో కొత్త చిక్కు

పాత పుస్తకాల షాపుల్లో లాసెట్ గైడ్లు సగం ధరకు దొరుకుతాయి. డబ్బు కలిసి వస్తుందని కొనేవారు ఒక సంగతి గమనించాలి. 1860 నాటి భారత శిక్షాస్మృతి, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి మూడు కొత్త చట్టాలు అమలులోకి వచ్చాయి. అవి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమ్.

దీనితో అంకెలన్నీ మారిపోయాయి. హత్యకు శిక్ష చెప్పే 302వ సెక్షన్ ఇప్పుడు న్యాయ సంహితలో 103. మోసగాణ్ణి "వాడొట్టి ఫోర్ ట్వంటీ" అనడం జనం నాలుక మీద ఇంకా ఉంది గాని, మోసం నేరం 318వ సెక్షన్‌లోకి వెళ్లింది. ఊళ్లో గొడవలైతే విధించే 144వ సెక్షన్ నాగరిక సురక్షా సంహితలో 163 అయింది. శిక్షాస్మృతిలో 511 సెక్షన్లుండేవి, న్యాయ సంహితలో ఉన్నవి 358. పాత గైడ్‌లో రాజ్యాంగం, కాంట్రాక్టు చట్టం భాగాలు ఇప్పటికీ పనికొస్తాయి. నేర చట్టాల భాగం మాత్రం పక్కన పెట్టి కొత్తది చదవాలి. 2024 జూలైకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది కనుక కోర్టుల్లో కొంతకాలం రెండు అంకెలూ వినబడతాయి. దాన్ని చూసి గాభరా పడనక్కరలేదు.

తెలుగు మీడియం గుబులు

లాసెట్‌లో ప్రశ్న తెలుగులో ఉంటుంది కదా అని పూర్తిగా దాని మీదే ఆధారపడడం కూడా ప్రమాదమే. తెలుగు అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠాన్నే ప్రామాణికంగా తీసుకుంటారు. పైగా అనువాదంలో వచ్చే మాటలు కొన్ని రోజూ మాట్లాడే తెలుగు కావు. అర్థం తెలిసిన సంగతే అయినా, మాట కొత్తగా ఉండి తికమక పెడుతుంది.

దీనికి విరుగుడు ఖర్చులేనిది. ఒక నోటుపుస్తకంలో రెండు గడులు గీసుకోవాలి. ఒక గడిలో వాది, ప్రతివాది, ముద్దాయి, అప్పీలు, పూచీ. ఎదురుగా ప్లైంటిఫ్, డిఫెండెంట్, అక్యూజ్డ్, అప్పీల్, ష్యూరిటీ. రోజుకు అయిదు మాటలు రాసుకుంటే మూడు నెలల్లో నాలుగు వందల యాభై మాటలవుతాయి. పరీక్షకే కాక, తర్వాత కాలేజీలో మొదటి ఏడాదికీ అవే పెట్టుబడి.

తెలుగుకు న్యాయరంగంలో చోటు లేదన్నది కూడా పూర్తి నిజం కాదు. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక తీర్పును తెలుగులో వెలువరించింది. సుప్రీంకోర్టు తీర్పుల్లో కొన్నింటికి తెలుగు అనువాదాలు వస్తున్నాయి. కక్షిదారుతో తెలుగులో మాట్లాడి, అతని గోడు ఇంగ్లీషులో కాగితం మీద పెట్టగలిగే మనిషికి జిల్లా కోర్టుల్లో ఎప్పుడూ పని ఉంటుంది.

వీలు చూసుకుని ఒకరోజు కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చుని చూడడం కూడా మంచి చదువే. కొన్ని ప్రత్యేక కేసులు తప్ప విచారణలు బహిరంగంగానే జరుగుతాయి. పుస్తకంలో 'క్రాస్ ఎగ్జామినేషన్' అని పదిసార్లు చదివిన దానికంటే ఒక్కసారి చూసినది బాగా గుర్తుంటుంది.

మూడు నెలల లెక్క

లాసెట్‌కు మూడు నెలలు క్రమంగా చదివితే చాలు. ఇంట్లో పనులు, పొలం పనులు, ఉద్యోగం ఉన్నవారు కూడా రోజుకు రెండున్నర గంటలు కేటాయించుకోగలరు.

మొదటి నెల రాజ్యాంగానికి. పీఠిక, 12 నుంచి 35 దాకా ప్రాథమిక హక్కులు, 36 నుంచి 51 దాకా ఆదేశిక సూత్రాలు, 51ఏలో ప్రాథమిక విధులు. హక్కుకు భంగం కలిగితే 32వ అధికరణ కింద సుప్రీంకోర్టుకు, 226 కింద హైకోర్టుకు వెళ్లవచ్చన్న తేడా. ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించిన 61వ సవరణ, పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి ఇచ్చిన 73వ సవరణ, చదువును హక్కు చేసిన 86వ సవరణ. వీటిని ఊరితో కలిపి చదివితే బట్టీ అక్కరలేదు. పంచాయతీ ఆఫీసు 73వ సవరణ, బడి 86వ సవరణ, ఓటరు కార్డు 61వ సవరణ.

రెండో నెల ఒప్పందాల చట్టం, అపకృత్యాలు, నేరం అంటే ఏమిటి అన్న మూలసూత్రాలు. దానితోపాటు మెంటల్ ఎబిలిటీ. ఇది లెక్కలంటే భయపడేవారికీ సాధనతో వస్తుంది.

మూడో నెల పూర్తిగా పాత ప్రశ్నపత్రాలకు. వారానికి మూడు పేపర్లు, సరిగ్గా 90 నిమిషాల్లో. ఒక్కో ప్రశ్నకు వచ్చేది 45 సెకన్లు. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని మూడు గంటల్లో 100 మార్కులు తెచ్చుకోవడం సాధన కాదు. పేపరు రాసింతర్వాత తప్పుల్ని మూడుగా విడదీసుకోవాలి. తెలియక తప్పినవి, తెలిసీ తొందరలో తప్పినవి, సమయం చాలక వదిలినవి. మొదటి రకానికి పుస్తకం మందు. రెండో రకానికి నిదానం. మూడో రకానికి మళ్లీ పేపరే.

వర్తమాన వ్యవహారాలకు ఉన్న 30 మార్కులు మాత్రం మూడు నెలలూ రోజూ పత్రిక చదివితేనే వస్తాయి. గ్రంథాలయంలో గంటసేపు కూర్చుని, రోజుకు అయిదు విషయాలు తేదీతో సహా రాసుకోవాలి. సుప్రీంకోర్టు తీర్పులు, కొత్త చట్టాలు, నియామకాలు, అవార్డులు, క్రీడలు.. వీటి మీద కన్నుంటే చాలు.

ఆ రోజు

చదివినంతా పరీక్ష హాలులో చేజారడానికి పెద్ద కారణాలు అక్కరలేదు. మౌసు పట్టడం అలవాటు లేకపోవడం ఒక్కటి చాలు. సెల్‌ఫోన్ మీద వేళ్లు పరుగెత్తే కుర్రాడు కూడా కంప్యూటరు ముందు మొదటి పది నిమిషాలు బిగుసుకుపోతాడు. లాసెట్ వెబ్‌సైట్‌లో నమూనా పరీక్ష ఉంటుంది. నెట్ సెంటర్‌లో రెండుసార్లు రాసి చూసుకుంటే ఆ భయం తీరుతుంది.

కేంద్రం దూరమైతే ముందురోజే వెళ్లి చూసుకోవాలి. నిమిషం ఆలస్యమైనా లోపలికి పంపరు. హాల్ టిక్కెట్టు, ఫొటో గుర్తింపు కార్డు ముందు రాత్రే సంచిలో పెట్టుకోవాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి కొత్త పాఠం మొదలెట్టడం వల్ల వచ్చే లాభం లేదు. నిద్ర చాలని బుర్ర 'దురుద్దేశంతో' వంటి చిన్న మాటనే ముందు జారవిడుస్తుంది.

హాలులో మూడు దఫాలుగా సాగడం మంచిది. మొదటి 50 నిమిషాల్లో తెలిసినవన్నీ ముగించాలి. తర్వాతి 25 నిమిషాల్లో ఆలోచించవలసినవి. చివరి పావుగంటలో మిగిలినవాటికి ఏదో ఒక జవాబు గుర్తించాలి. ఒక ప్రశ్న దగ్గర పట్టుదలకు పోయి నాలుగు నిమిషాలు కూర్చుంటే, ఆఖర్న తెలిసిన అయిదు ప్రశ్నలు చూడకుండానే గంట కొడుతుంది.

పరీక్ష అయ్యాక ప్రాథమిక కీ విడుదల చేస్తారు. దాన్ని ప్రశ్నపత్రంతో సరిచూసుకుని, తప్పుంటే గడువులోగా అభ్యంతరం పంపాలి. కీ తప్పు పోకూడదనేమీ లేదు. 2024 డిసెంబరు 1న జరిగిన క్లాట్ జవాబుల వివాదం ఢిల్లీ హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2025 మే నెలలో గాని తేలలేదు. న్యాయవాది కాబోయేవారు గడువు తేదీ అన్నది ఎంత గట్టిదో నేర్చుకోవడానికి ఇదే మొదటి అవకాశం.

ఇంట్లోవాళ్ల మాట

పరీక్ష భారం ఒక్క పుస్తకాలది కాదు. ఇంటి వాకిట్లో పడే మాటలది కూడా. "ప్లీడరీ ఆడపిల్లకెందుకు?" అనేవారు ఇప్పటికీ ఉన్నారు. మహిళలు న్యాయవాద వృత్తి చేయవచ్చని చట్టం వచ్చింది 1923లో. నూరేళ్లు దాటినా ఆ ప్రశ్న ఇంకా ఇళ్లలో నడుస్తూనే ఉంది. "మన కేసు నువ్వే గెలిపించాలి" అని పదిహేడేళ్ల పిల్ల నెత్తిన ఏళ్లనాటి భూమి తగాదా పెట్టే పెద్దలూ ఉన్నారు. రెండూ బరువులే. మొదటిది వెనక్కి లాగుతుంది. రెండోది ముందుకు తోసి పడేస్తుంది.

తల్లిదండ్రులు చేయగలిగినది చిన్న పని. రోజూ రెండు గంటలు ఆ పిల్లకు ఇంటిపని చెప్పకుండా ఉండడం. పక్కింటివాళ్ల అబ్బాయి మార్కులు ఎత్తకుండా ఉండడం. పరీక్ష నుంచి వచ్చిన వెంటనే "ఎన్ని వస్తాయి?" అనకుండా అన్నం పెట్టడం.

ఆందోళన మరీ ఎక్కువై నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా దాచుకోవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. ఖర్చు లేదు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ర్యాంకు రాకపోతే

ప్రవేశ పరీక్ష తుది తీర్పు కాదు. దానిమీద అప్పీలు ఉంది. ఇంటర్ తర్వాత అయిదేళ్ల కోర్సులో సీటు రానివారు డిగ్రీ చేసి మూడేళ్ల కోర్సుకు మళ్లీ లాసెట్ రాయవచ్చు. మూడేళ్ల డిగ్రీ, మూడేళ్ల లా కలిపితే ఆరేళ్లు. అంటే మొత్తం మీద వెనకబడేది ఒక్క సంవత్సరం. ఆ సంవత్సరానికి బదులుగా చేతిలో డిగ్రీ కూడా ఉంటుంది. వయసు మీరిందన్న నిబంధన లేదు కాబట్టి వచ్చే ఏడు మళ్లీ రాయడానికీ అడ్డు లేదు.

అయితే ర్యాంకు వచ్చినవారికీ రెండు హెచ్చరికలున్నాయి. లా కోర్సు ఖాళీ సమయాల్లో చదివేది కాదు. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం 70 శాతం హాజరు కావాలి. దూరవిద్యలో తీసుకున్న లా డిగ్రీతో న్యాయవాదిగా నమోదు కాలేరు. పది, ఇంటర్ చదవకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ తెచ్చుకున్నవారికి అర్హత లేదు. ఆ సంగతి దరఖాస్తుకు ముందే చూసుకోవాలి, కౌన్సెలింగ్‌కు వెళ్లాక కాదు.

రెండోది కాగితాలు. మార్కుల మెమోలు, బదిలీ సర్టిఫికెట్టు, చదివిన ఏళ్లన్నిటికీ స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు పరీక్షకు ముందే సిద్ధం చేసుకోవాలి. ర్యాంకు వచ్చాక సచివాలయం చుట్టూ తిరుగుతూ గడువు తప్పించుకుంటే ఆ ర్యాంకు కాగితంగానే మిగిలిపోతుంది.

ఇక మిగిలింది మొదలుపెట్టడమే. దానికి కోచింగు సెంటరు తలుపు తెరిచేదాకా ఆగనక్కరలేదు. ఒక పాత ప్రశ్నపత్రం సంపాదించి, గడియారం ఎదురుగా పెట్టుకుని, ఈ రాత్రే తొంభై నిమిషాలు కూర్చుంటే సరి. ఎన్ని మార్కులు వచ్చాయన్నది ఎవరికీ చెప్పనక్కరలేదు. ఎక్కడ తప్పారో మాత్రం తెలుస్తుంది.